జాబితాలో ఇరవయ్యో పేరు

ప్రభుత్వ సిబ్బందికి కరోనా టీకా సమాచారం ఎప్పటికప్పుడు చేరవేయాలని ఆ ఏడాది ఫిబ్రవరిలో మా ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది. చేరవేసే బాధ్యత నాకు పడింది. అప్పుడు నేను సారపాక దాటాక అడవి వైపున్న ఒక మండల పరిషత్ కార్యాలయంలో సూపరింటెండెంట్‌ని. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను వేసిన కూడిక తప్పిందని ఎవరూ వేలు చూపలేదు. అందుకే ఈ పని నాకిచ్చారని మొదట సంతోషించాను. ఈ పని అప్పగించదగ్గ మిగిలిన ముగ్గురూ ఆ ఉదయం సెలవులో ఉన్నారని మధ్యాహ్నానికి తెలిసింది.

సమాచారం చేరవేయడమంటే మా దగ్గర వాట్సాప్ గ్రూపు పెట్టడం. పెట్టాను. అందులో అరవై ముగ్గురు. మండల అధికారి, ఇంజనీర్లు, పంచాయతీ కార్యదర్శులు, గుమస్తాలు, డ్రైవర్లు అందరూ ఉన్నారు. టీకా ముందుగా ఎవరికి వేయాలని ఉత్తర్వులో రాశారో ఆ పారిశుద్ధ్య కార్మికులు నలభై ఒక్కమందిలో ఒక్కరు కూడా లేరు. వాట్సాప్ పనిచేసే ఫోను వాళ్లలో ఎవరి దగ్గరా లేదు. మొదటి వారం గ్రూపులో నూట ఎనభై ఆరు సందేశాలు వచ్చాయి. నేను కూర్చుని లెక్కపెట్టాను. శుభోదయాలు అరవై ఒకటి. బొటనవేళ్లు, జోడించిన చేతులు కలిపి ఎనభై ఎనిమిది. టీకా వేసుకుంటే ఏమేమి రోగాలొస్తాయో తెలిపేవి ఇరవై తొమ్మిది. మిగిలిన ఎనిమిది సమాచారం. ఆ ఎనిమిదీ నేను పెట్టినవే.

టీకాకు పేరు ఎక్కించాలంటే ఫోను నంబరు కావాలి. ఒక నంబరు మీద నలుగురి పేర్లకు మించి ఎక్కవు. నలభై ఒక్కమందిలో పదమూడుగురికి బటన్ల ఫోన్లున్నాయి. మిగిలినవాళ్లు ఇరవై ఎనిమిది మంది. నాలుగుతో భాగిస్తే ఏడు. ఆఫీసులో ఏడుగురం మా నంబర్లిచ్చాం. అలా నా ఫోను మీద నలుగురు ఎక్కారు. వాళ్లలో ఒకామె మా ఆఫీసు ఉన్న పంచాయతీలోనే పనిచేసే కోయ మనిషి. రోడ్డు ఊడ్వడం, కాల్వ తీయడం, చెత్త ట్రాక్టరు ఎక్కడం ఆమె పని. ఆఫీసు ముందు వాకిలి ఊడ్వడం ఆమె పని కాదు గానీ, పదేళ్లుగా ఆమే ఊడుస్తోంది.

టీకా వేసే రోజు ఆ నెల రెండో మంగళవారం. ఆరోగ్య కేంద్రం మా ఆవరణ పక్కనే. ఆ రోజు జాబితాలో ఇరవై మంది. సీసాకు పది డోసుల చొప్పున రెండు సీసాలు. ఇరవై మందీ పారిశుద్ధ్య కార్మికులే. దీన్ని చూసి మా ఆఫీసుకు పేదల మీద ఇంత ప్రేమా అని ఎవరైనా మురిసిపోయే ప్రమాదముంది కాబట్టి మా సీనియర్ అసిస్టెంటు మాట ఇక్కడ రాస్తున్నాను.

"ముందుగాల వాళ్లకు ఏయనియ్‌రి మేడం. ఓ నాలుగు రోజులు సూద్దాం. గట్టిగున్నరంటే మనం పోదాం."

నేను అతన్ని మందలించలేదు. నేను వేయించుకున్నది ఆ శనివారం. మంగళవారం నుంచి శనివారానికి ఎన్ని రోజులో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

ఆ మంగళవారమే పై నుంచి ఒక అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. పారిశుద్ధ్య కార్మికులకు టీకాలు సక్రమంగా వేస్తున్నారో లేదో చూడడానికి. పై అధికారి వస్తే దారికి రెండు వైపులా బ్లీచింగ్ పౌడరు గీత పోయడం మా దగ్గర ఆచారం. ముగ్గు వేసిన వాకిట్లోకి అల్లుణ్ని పిలిచినట్టు ఉంటుంది. ఆ గీత పోయడానికి ఒక కార్మికురాలు కావాలి. జాబితాలో ఆఖరున, ఇరవయ్యో పేరుగా ఉన్న, మా వాకిలి ఊడ్చే ఆమెను పిలిచి సంచి చేతికిచ్చారు. కూడలి నుంచి ఆరోగ్య కేంద్రం గేటు దాకా ఆమె తెల్ల గీత పోసుకుంటూ వచ్చింది. అధికారి ఒంటి గంటా ఇరవైకి వచ్చి ఒంటి గంటా ఇరవై ఏడుకు వెళ్లారు. ఆ ఏడు నిమిషాలలో రెండు నిమిషాలు ఫోటోకు.

నా ఫోనుకు ఒక్కొక్కటిగా నాలుగు సందేశాలు వచ్చాయి. ఫలానా వారికి టీకా మొదటి డోసు విజయవంతంగా వేయబడింది, అభినందనలు. నాలుగోది ఒంటి గంటా నలభైకి వచ్చింది. నా నలుగురి పేర్లకూ ఎదురుగా టిక్కు పెట్టాను. సాయంత్రానికి మిగతా ఫోన్ల వాళ్లూ చెప్పారు. ఇరవైకి ఇరవై.

"హండ్రెడ్ పర్సెంట్ కదా మేడం?" అన్నారు మా మండల అధికారి. "టెలీకాన్ఫరెన్స్‌ల మన మండలం పేరు ఫస్టు సదువుతరు సూడున్రి."

చదివారు కూడా. గ్రూపులో ఆ రోజు బొటనవేళ్లు నలభై నాలుగు.

రెండో డోసు ఇరవై ఎనిమిది రోజులకు. ఎవరి మీదా ఆధారపడకుండా నా నలుగురినీ నేనే స్వయంగా పిలిచి చెప్పాలని పెట్టుకున్నాను. ముగ్గురికి చెప్పాను. నాలుగో ఆమె పొద్దున వాకిలి ఊడుస్తుంటే పిలిచాను.

"రేపు రెండో సూది. ఆధార్ కార్డు తెచ్చుకో. తిని రా."

ఆమె చీపురు ఆపలేదు. "మొదటిది ఎప్పుడేసిండ్రు మేడం?"

"పోయిన నెల మంగళవారం."

"నాకా?"

"నీకే. నా ఫోనుకు మెసేజ్ వచ్చింది."

"అట్లయితే మీ ఫోనుకే ఏసిండ్రు," అంది. "నేను ఆ దినం సున్నం పోస్కుంట గేటు కాడికొచ్చేసరికి అయిపోయింది పొమ్మన్నరు. మల్ల పిలుస్తరనుకున్న. పిలవకపోతిరి."

లోపలికి వెళ్లి డైరీ తీశాను. ఆ మంగళవారం పేజీలో నా రాతలోనే రెండు లైన్లున్నాయి. మొదటిది: ఒంటి గంటా నలభై, నాలుగో సందేశం, నలుగురూ పూర్తి. దాని కిందనే రెండోది: ఒంటి గంటా నలభై అయిదు, అధికారి వెళ్లాక కూడా ఆమె ఇంకా పౌడరు పోస్తోంది, కిటికీలోంచి చూసి వద్దని చెప్పించాను. ఒకే మనిషి అయిదు నిమిషాల తేడాలో గదిలో టీకా వేయించుకుని, అరఫర్లాంగు దూరంలో రోడ్డు మీద ఉంది. రెండు లైన్లూ నేనే రాశాను. మధ్యలో ఖాళీ కూడా వదల్లేదు. నెల రోజులుగా ఆ పేజీ నా సొరుగులోనే ఉంది.

ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ దాచలేదు. ఆమెకు దాచేంత తీరిక కూడా లేదు.

"మూడుసార్లు పిలిచిన మేడం. లేదు. రెండో బుడ్డి తెరిసినంక నాలుగు గంటలే పనికొస్తది. ఒక డోసు పారబోస్తే సంజాయిషీ నేనే రాయాలె. ఆ పెద్దాయన షామియానా కిందనే కూసుండు. ఏస్తవా బిడ్డా అని అడిగిండు. ఏసిన. పేరు ఎవరిది రాయాలె? జాబితాల మిగిలిందొక్కటే పేరు."

పెద్దాయన అంటే మా మండలంలో పామాయిల్ తోటలున్న ఒక రైతు. అప్పటికి ముప్పై ఏళ్ల కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఆ రోజు షామియానా, కుర్చీలు ఆయనే ఉచితంగా ఇచ్చాడు. కుర్చీ ఇచ్చినాయన కుర్చీలో కూర్చున్నాడు. ఊడ్చే ఆమె ఊడుస్తోంది. ఎవరి పనిలో వాళ్లున్నారు కాబట్టి తప్పెవరిదో చెప్పడం కష్టం. నాకు మాత్రం కష్టం కాలేదు. సందేశం చూసి టిక్కు పెట్టింది నేను. చెయ్యి చూసి పెట్టి ఉండాల్సింది.

సిస్టర్ ఒక దారి చెప్పింది. "రేపు రమ్మనున్రి. రెండోదని రాసి ఏస్త. అదే మొదటిదనుకోండి. ఒకటన్న పడ్తది గదా ఒంట్ల."

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా దాటేద్దామనుకున్నాను. కాని డైరీలో ఉంది. నేను ఒప్పుకోలేదు. మొదటి తప్పును రెండో తప్పుతో కప్పడం నా సర్వీసులో లేదన్నాను. రికార్డు ముందు సరిచేయాలి, తర్వాత మొదటి డోసును మొదటి డోసుగా వేయాలి అన్నాను. నా మాట నాకే ఎంత బాగా వినిపించిందంటే, ఆ రాత్రికి అదే మాటతో రెండు పేజీల లేఖ తయారైంది.

లేఖలు మొత్తం అయిదు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి, టీకా పడినట్టు రికార్డులో ఉంది కాబట్టి టీకా పడినట్టే అని వచ్చింది. మూడోదానికి, పడలేదనడానికి ఆధారం జతచేయమన్నారు. పడని సూదికి ఏ ఆధారం జతచేయాలో తెలియక నాలుగోది అడుగుతూ రాశాను. ఆ లేఖను తగు చర్య కోసం మా కార్యాలయానికే పంపించారు. అది నా టేబుల్ మీదకే వచ్చింది. ఇన్‌వార్డు నంబరు నేనే వేశాను. అయిదోది మళ్లీ పైకి పంపాను, అది ఎవరి టేబుల్ మీద ఆగిందో తెలియలేదు.

ఈలోగా రెండో డోసు గడువు మారింది. ఇరవై ఎనిమిది రోజులు కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు. సిస్టర్ చెప్పిన దారి కూడా మూసుకుపోయింది. కేసులు పెరిగాయి. మార్చి ఆఖరి వారంలో బాలికల హాస్టల్ ఖాళీ చేయించి ఐసొలేషన్ కేంద్రం పెట్టారు. అక్కడ ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, వాడిన మాస్కులు ఎత్తిపోయడానికి మనుషులు కావాలి. చాలా మానవత్వంతో ఒక నిబంధన పెట్టారు. టీకా వేసుకున్నవారిని మాత్రమే పంపాలని. పంచాయతీలో మిగిలిన ఇద్దరు కార్మికులూ జ్వరమని రావడం లేదు. నా జాబితాలో ఆమె ఎదురుగా టిక్కు ఉంది.

మా అధికారి పోస్టింగు కాగితం నా ముందు పెట్టారు. "సంతకం పెట్టున్రి మేడం. రేపట్నుంచి డ్యూటీ."

"ఆమెకు టీకా పడలేదండి."

"మీ రిపోర్ట్‌ల పడ్డదని ఉన్నది."

"నా రిపోర్టు తప్పు."

 నా నోటి నుంచి ఆ మాట వినడం ఆయనకు మొదటిసారి. నాకూ అంతే. "తప్పంటే ఎట్ల మేడం. టెలీకాన్ఫరెన్స్‌ల సదివిండ్రు గదా. ఇప్పుడు హండ్రెడ్ నుంచి కిందికి దిగుతమా?"

దిగడం ఆయన వల్ల కాదని తెలుసు. కాబట్టి నేను ఆయనకు వచ్చిన భాషలోనే రాశాను. సదరు కార్మికురాలి సేవలు కార్యాలయ ఆవరణలో అత్యవసరం అయినందున, బదులు మనిషి దొరికే వరకు ఆమెను రిలీవ్ చేయడం సాధ్యపడదు. పదేళ్లుగా ఆమె మా వాకిలి ఊడుస్తున్నట్టు కాగితం మీద ఎక్కడా లేదు. ఆ రోజు ఎక్కించాను. ఆ నోటు వల్ల నాలుగు రోజులు దొరుకుతాయని నా అంచనా. నిజానికి ఆరు దొరికాయి, మధ్యలో ఆదివారం, ఒక సెలవు వచ్చాయి.

మూడో రోజు పొద్దున ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాదు.

"మేడం, నన్ను హాస్టల్‌కు తోలుతరంట. మా గూడెంల ఒకాయన చచ్చిపోయిండు నిన్న. మా అత్త ముసల్ది ఇంట్లుంది. నాకు సూది ఏపియ్యకపోతే పాయె, ఏపిచ్చుకున్ననని రాసిండ్రు జూడు, అది తీసేయిన్రి. చాలు."

"తీయడం రావట్లేదమ్మా. రాశాను. అయిదు లేఖలు రాశాను."

"రాసుడే గద మీకు." కోపంగా అనలేదు. ఊడ్చిన చోట మళ్లీ ఆకు రాలినప్పుడు అన్నట్టు అంది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. "నాకు ఓటు కార్డు గూడ ఉంది. అది పనికిరాదా? అండ్ల నేను పెద్దదాన్ని."

చూశాను. ఆధార్ కార్డులో ఆమెకు నలభై ఒకటి. ఓటరు కార్డులో నలభై తొమ్మిది. పుట్టిన రోజు తెలియనివాళ్లందరికీ ఆధార్‌లో జనవరి ఒకటి వేశారు. మా మండలంలో సగం మంది ఒకే రోజు పుట్టారు. ఓటరు కార్డులో అయితే రాసేవాడి కంటికి ఎంత కనిపిస్తే అంత. ఈ తేడా చూపించి నేను నా సర్వీసులో ఎన్ని పింఛను దరఖాస్తులు వెనక్కి పంపానో ఆ లెక్క మాత్రం రాసి పెట్టుకోలేదు.

ఆ గురువారం నుంచే నలభై అయిదేళ్లు దాటినవాళ్లందరికీ టీకా మొదలవుతోంది. ఏ గుర్తింపు కార్డయినా చెల్లుతుంది. నలభై ఒక్కేళ్ల కార్మికురాలికి టీకా పడిపోయింది. నలభై తొమ్మిదేళ్ల గ్రామస్థురాలికి ఇంకా పడలేదు. ఆమె ఎవరో, ఏం పనిచేస్తుందో ఏ జాబితాలోనూ లేదు కాబట్టి ఏ అడ్డూ లేదు.

గురువారం ఎనిమిదిన్నరకే ఆమెను తీసుకుని వెళ్లాను. సిస్టర్ ఓటరు కార్డు చూసింది, ఆమెను చూసింది, నన్ను చూసింది.

"రికార్డు సరిచేసినంకనే అన్నరు గదా మేడం."

"సరిచేయడం అయిపోయింది," అన్నాను. "వెయ్యండి."

ఈసారి సూది భుజంలోకి దిగేదాకా పక్కనే నిలబడ్డాను.

మర్నాడు, ఆ మర్నాడు ఆమె రాలేదు. మూడో రోజు వచ్చి వాకిలి ఊడుస్తూ అడిగింది. "రెండు దినాలు జరమొచ్చింది మేడం. నా పేరు మీద ఏస్కున్న ఆ పెద్దాయనకు గూడ వచ్చిందా, నాకొక్కదానికేనా?"

ఆయనకూ వచ్చిందని సిస్టర్ అప్పటికే చెప్పింది. అదే మాట చెప్పాను. ఆమెకు కొంచెం తృప్తి కలిగినట్టే ఉంది.

హాస్టల్‌కు చివరికి కొత్తగూడెం నుంచి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనుషులను తెప్పించారు. అలా తెప్పించవచ్చని ముందే తెలుసట. ఎవరూ అడగలేదట.

ఇక ఆ పెద్దాయన. మే నెలలో సిస్టర్ పంపితే ఆఫీసుకు వచ్చాడు. ఆయన టీకా సర్టిఫికెట్టు నా ఫోనులో ఉంది కాబట్టి నా దగ్గరికే రావాలి.

"అమ్మా, మీరే దయచూడాలండి. మా వాళ్లు సర్టిఫికెట్టు అడుగుతున్నారు."

ప్రింటు తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చదువుకున్నాడు. పేరు ఆమెది. స్త్రీ. వయసు నలభై ఒకటి.

"ఇదేవిటండీ ఇది?"

"మీరు వేయించుకున్నదానికి రసీదండి."

"నాకేం తెలుసండీ, వేస్తానంది, వేయించుకున్నాను. ఎవరిదో లాక్కున్నానని నాకెవరూ చెప్పలేదు." నిజమే అనిపించింది. ఆయనకూ ఏ సమాచారమూ చేరలేదు. గ్రూపులో ఆయన కూడా లేడు. "ఇప్పుడు రెండోది ఎలాగండి? నా పేరుతో మళ్లీ మొదలెడితే మూడు సూదులవుతాయి. నాకసలే సూదంటే భయం."

నేను సలహా ఇవ్వలేదు. ఆపనూ లేదు. సిస్టర్‌ను అడగమన్నాను. గడువు అప్పటికి మళ్లీ మారి పన్నెండు నుంచి పదహారు వారాలయింది. ఆయన సిగ్గుపడి ఇంకా జరిపాడు. అలా జరిపి జరిపి జూలైలో వచ్చాడు. ఆమెకు రెండోది వేయాల్సిన రోజు కూడా అదే.

ఆరోగ్య కేంద్రం వరండాలో ఇద్దరూ రెండు చివరల కూర్చున్నారు. సిస్టర్ బయటికి వచ్చి పేరు పిలిచింది. ఇద్దరూ లేచారు. తెల్ల పంచె కట్టుకుని మాస్కు వేసుకున్న ఆ పెద్దమనిషి ఒక ఆడమనిషి పేరుకు లేవడం చూసి జనం తలలు తిప్పారు. ఆయన మళ్లీ కూర్చోబోయాడు.

"పోండ్రి, ముందు మీరే పోండ్రి," అంది ఆమె. "నాకంటె ముందు ఏస్కున్నోల్లు మీరే గద."

ఆయన తల వంచుకుని లోపలికి వెళ్లాడు. బయటికి వచ్చాక ఆమె ముందు ఒక్క క్షణం ఆగి, "ఏమనుకోకమ్మా," అన్నాడు.

"ఏమనుకుంట," అంది. "జరమొస్తే గోలీ ఏస్కోండ్రి."

తర్వాత ఆమె వెళ్లింది. నేనూ వెళ్లి చూశాను. పూర్తయింది. మనుషులు ఇద్దరు, డోసులు నాలుగు. కూడిక సరిపోయింది. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా నేను ధైర్యంగా సంతకం పెట్టగలిగేది కాదు.

వేశాక అరగంట పరిశీలనలో కూర్చోవాలి. ఆమె వరండా మెట్టు మీద కూర్చోబోతే కుర్చీ చూపించాను. అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. ఎనిమిది నిమిషాలయ్యాక మా అధికారి ఎవరినో వెంటబెట్టుకుని ఆవరణలోకి వచ్చారు. ఆమెను చూశారు.

"ఏయ్, ఖాళీగనే ఉన్నవా? బకెట్టు తీస్కొని ఆఫీసుల గదులు కడుగుపో జల్దీ. సార్లొస్తున్నరు."

ఆమె లేచింది. నేను వద్దని చెయ్యి చూపించాను. చూసి మళ్లీ కూర్చుంది.

"పరిశీలనలో ఉందండి," అన్నాను. "ఇంకా ఇరవై రెండు నిమిషాలు."

ఆయన గడియారం చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. ఆమె ఈసారి కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది.